ఇంటి లోపలి నెట్‌వర్క్, ఇంటికొచ్చే ఇంటర్నెట్: రెండు వేగాలనూ విడివిడిగా కొలిచి సరిచేసుకోవడం ఎలా?

గోదావరి డెల్టా పల్లెల్లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ ఇంటి గుమ్మం దాకా వచ్చాక తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది: “100 ఎంబీపీఎస్ ప్లాను కట్టాం, ఫోనులో చూస్తే 30 దాటడం లేదు.” దానికి ఆపరేటరు ఇచ్చే జవాబూ తరచుగా ఒకటే: “మా వైపు నుంచి ఫుల్లుగానే వస్తోందండీ, కావాలంటే 200 ప్లానుకు మారండి.” చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆపరేటరు తన తీగ చివర కొలిచిన వేగాన్ని చెబుతాడు. వినియోగదారు పడకగదిలో, రెండు గోడల అవతల, ఫోను చూపిన వేగాన్ని చెబుతాడు. ఆ రెండు చోట్ల మధ్య ఉన్నది ఇంటర్నెట్ కాదు, ఆ ఇంటివారి సొంత నెట్‌వర్క్. దాని వేగం ఎంతో తెలుసుకోకుండా ప్లాను పెంచితే బిల్లు పెరుగుతుంది తప్ప వేగం పెరగదు.

కాబట్టి ఇంటి లోపలి వేగాన్ని ముందు, బయటి వేగాన్ని తరువాత, ఒకదానితో ఒకటి కలవకుండా కొలవాలి. ఆ క్రమంలోనే ఈ మార్గదర్శి సాగుతుంది.

ఏ పని ఏ దారిన వెళుతుంది

ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టెను కొందరు మోడెమ్ అంటారు, కొందరు ఫైబర్ బాక్సు అంటారు. ఆపరేటర్లు దాన్ని ఓఎన్‌టీ అంటారు. వెలుగు రూపంలో వచ్చిన సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చడం దాని మొదటి పని. ఈ రోజుల్లో ఆ పెట్టే రౌటర్‌గానూ, వైఫై కేంద్రంగానూ పనిచేస్తోంది గనుక బయటి దారి ఎక్కడ ఆగిందో, ఇంటి దారి ఎక్కడ మొదలైందో చూసేవారికి తెలియడం లేదు. నల్లగా, సన్నగా వచ్చిన తీగ బయటి దారి. ఆ పెట్టె వెనుక లాన్ అని రాసి ఉన్న రంధ్రాలు, పైనున్న యాంటెనాలు, వాటికి కలిసిన కంప్యూటర్లు, ఫోన్లు, టీవీ, ప్రింటరు, సీసీ కెమెరాలు అన్నీ ఇంటి దారి. 192.168తో మొదలయ్యే అడ్రసులున్న పరికరాల మధ్య జరిగే సంభాషణ సాధారణంగా ఇంటి గడప దాటదు.

ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైలు కాపీ చేయడం, ప్రింటు ఇవ్వడం, కెమెరా దృశ్యాలు ఎన్‌వీఆర్ అనే రికార్డరు పెట్టెలో రికార్డు కావడం ఇంటి దారిలోనే పూర్తవుతాయి. నెట్ రీఛార్జ్ అయిపోయిన రోజున కూడా ఇవి నడుస్తాయి. యూట్యూబు, యూపీఐ చెల్లింపు, ఆన్‌లైన్ క్లాసు బయటికి వెళ్లక తప్పనివి. అయితే మూడో రకం ఒకటుంది, అక్కడే చాలామంది పొరబడతారు. హాల్లో కూర్చున్న అన్నయ్య పెళ్లి వీడియోను వంటింట్లో ఉన్న వదిన ఫోనుకు వాట్సాప్‌లో పంపితే, ఆ ఫైలు పదడుగులు నడవదు. ఊరు దాటి, ఎక్కడో ఉన్న సర్వరు దాకా పోయి, మళ్లీ అదే తీగ మీద అదే ఇంటికి దిగుతుంది. 1 జీబీ వీడియో 20 ఎంబీపీఎస్ అప్‌లోడు మీద బయటికి పోవడానికే దాదాపు 7 నిమిషాలు పడుతుంది. అదే ఫైలును గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) తీగతో కలిసిన రెండు కంప్యూటర్ల మధ్య కాపీ చేస్తే 9 సెకన్లలో అయిపోతుంది. రెండు ఫోన్ల మధ్య నేరుగా పంపే క్విక్ షేర్ వంటి పద్ధతి వాడినా ఇంటర్నెట్ ప్రసక్తి ఉండదు.

కొలమానం విషయంలో ఒక్క జాగ్రత్త

ప్లాన్లలో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. ఫైలు కాపీ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపే ఎంబీ అంటే మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక 100 ఎంబీపీఎస్ ప్లాను మీద ఎంత బాగా డౌన్‌లోడు అయినా సెకనుకు 12.5 ఎంబీకి మించదు. ఆచరణలో 11, 12 మధ్య కనిపిస్తే కనెక్షన్ నిక్షేపంగా ఉన్నట్టే. “100 అన్నారు, 11 వస్తోంది” అని ఆపరేటరుతో గొడవ పడేముందు ఈ భాగహారం ఒకసారి చేసుకోవడం మంచిది.

రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకు

తీగల మీద 100 ఎంబీపీఎస్ వేగంతో నడిచే ఈథర్నెట్ ప్రమాణం 1995లో వచ్చింది. మామూలు రాగి తీగ మీదే 1000 ఎంబీపీఎస్, అంటే గిగాబిట్, వేగాన్నిచ్చే ప్రమాణం 1999లో ఖరారైంది. ఇంట్లోని చాలా పరికరాలను తీగలతో కలిపే పెట్టెను స్విచ్ అంటారు; కంప్యూటరు దుకాణంలో చవకగా దొరికే చిన్న స్విచ్ కూడా ఇప్పుడు గిగాబిట్‌దే. మరోవైపు, మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగం 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్, అంటే దాదాపు అర ఎంబీపీఎస్, మాత్రమే. ఆ నెలలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అంటే చట్టం అడిగే కనీస వేగానికీ, మీ బల్ల మీది స్విచ్ వేగానికీ ఇప్పటికీ 500 రెట్ల తేడా ఉంది.

ఈ తేడాకు మొదటి కారణం దూరం. ఇంటి లోపలి తీగ 100 మీటర్లకు మించకూడదన్న నియమం మీదే ఈథర్నెట్ రూపొందింది. అంత తక్కువ దూరంలో నాలుగు జతల రాగి తీగల మీద గిగాబిట్‌ను నడపడం చౌక. పాత టెలిఫోను తీగల మీద వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి మీద ఎక్స్ఛేంజీ నుంచి కిలోమీటర్ల దూరం ప్రయాణించవలసి వచ్చేది గనుక, సిద్ధాంతపరంగా 24 ఎంబీపీఎస్ దాకా ఇవ్వగల ఏడీఎస్ఎల్2 ప్లస్ పద్ధతి కూడా ఎక్స్ఛేంజీకి దూరంగా ఉన్న ఇళ్లలో నాలుగైదుకు పడిపోయేది. ఫైబర్ వచ్చాక దూరం బాధ దాదాపు తీరింది. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికి 2016 చివర్లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు ఇచ్చినప్పుడు అందరూ గమనించిన సంగతి అదే: కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగితే మారుమూల ఊరికి కూడా పట్నం వేగమే వస్తుంది.

రెండో కారణం పంపకం. ఇది నిదానంగా అర్థం చేసుకోదగినది, ఎందుకంటే సాయంత్రం ఎనిమిది గంటలకు వచ్చే ఇబ్బందులకు మూలం ఇందులోనే ఉంటుంది. మీ ఇంటి స్విచ్‌లో ఒక్కో రంధ్రానికీ వేయి ఎంబీపీఎస్ ప్రత్యేకంగా ఉంటుంది; మీ కంప్యూటర్ వేగాన్ని మీ ప్రింటరు తినెయ్యదు. ఫైబర్ కనెక్షన్ అలా కాదు. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆపరేటరు కేంద్రం నుంచి వచ్చిన ఒకే ఒక్క ఫైబర్‌ను వీధి చివరి స్ప్లిటర్ల ద్వారా 32 ఇళ్లకు, ఒక్కోసారి 64 ఇళ్లకు పంచుతారు. ఆ ఒక్క ఫైబర్ మొత్తం సామర్థ్యం డౌన్‌లోడుకు సుమారు 2,488 ఎంబీపీఎస్, అప్‌లోడుకు 1,244 ఎంబీపీఎస్. 32 ఇళ్లవారూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఒక్కొక్కరికి డౌన్‌లోడు 77, అప్‌లోడు 38 చొప్పున వస్తుంది. అప్‌లోడు విషయంలో ఇంకో చిక్కు ఉంది: అన్ని ఇళ్ల పెట్టెలూ ఒకే ఫైబర్‌లోకి ఒకేసారి వెలుగు పంపితే సంకేతాలు కలగాపులగమైపోతాయి. దాళ్వా (రబీ వరి) పంటకు నీరు చాలనప్పుడు కాలువల కింద వంతులవారీగా తడులు ఇచ్చినట్టే, ఆపరేటరు కేంద్రంలోని యంత్రం ఒక్కో ఇంటికి ఒక్కో వంతు కేటాయిస్తుంది; ఒక్కో వంతు సెకనులో వెయ్యో భాగానికన్నా చిన్నది గనుక మనకు తెలియదు.

నిజానికి 32 ఇళ్లవారూ ఒకేసారి పూర్తిగా లాగే సందర్భం అరుదు. ఆ నమ్మకం మీదే ఆపరేటర్లు అందరికీ 100 చొప్పున అమ్ముతారు, అందులో తప్పు లేదు. తప్పు జరిగేది ఇంకో మెట్టు పైన. ఊళ్లోని ఫైబర్ ఎంత బాగున్నా, చిన్న ఆపరేటరు పై సంస్థ దగ్గర కొనే మొత్తం సామర్థ్యం చందాదారుల సంఖ్యకు తగ్గట్టు లేకపోతే, ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రాత్రి ఊరంతటికీ ఒకేసారి నెట్ నెమ్మదిస్తుంది. అప్పుడు మీ ఇంట్లో ఏ తీగ మార్చినా ఫలితం ఉండదు.

మూడో కారణం ఆలస్యం. ఇంట్లో తీగతో కలిసిన రెండు యంత్రాల మధ్య ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కోనసీమ నుంచి హైదరాబాదుకు తీగ పొడవు 500 కిలోమీటర్లు అనుకుంటే రానుపోను 5 మిల్లీసెకన్లు ప్రయాణానికే పోతాయి, మధ్యలోని యంత్రాలు దానికి మరికొంత కలుపుతాయి. అమెరికాలోని సర్వరు అయితే 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ప్లాను 100 నుంచి 300 చేసినా ఈ అంకె తగ్గదు. వెబ్‌పేజీ తెరుచుకోవడంలో, వీడియో కాల్‌లో మాట ఆలస్యమవడంలో అసలు ప్రమేయం చాలాసార్లు దీనిదే.

మొదటి మెట్టు: ఇంటి పటం గీసుకోండి

ఒక కాగితం మీద ఓఎన్‌టీ నుంచి మొదలుపెట్టి ప్రతి పరికరం దాకా గీతలు గీసి, ఒక్కో గీత మీద అది తీగా, వైఫైయా, దాని వేగం ఎంత అన్నది రాయండి. ఓఎన్‌టీ వెనుక రంధ్రాలను ప్రత్యేకంగా చూడాలి. చవక రకం పెట్టెల్లో ఒక్క రంధ్రమే గిగాబిట్‌ది ఉండి, మిగిలినవి 100 ఎంబీపీఎస్‌వే ఉండటం మామూలు. పెట్టె అడుగు భాగంలోని చీటీ మీద జీఈ అని ఉంటే గిగాబిట్, ఎఫ్ఈ అని ఉంటే 100. 200 ప్లాను తీసుకుని కంప్యూటరు తీగను ఎఫ్ఈ రంధ్రంలో పెట్టుకున్న ఇంట్లో 95 దాటే అవకాశమే లేదు. తీగను పక్క రంధ్రంలోకి మార్చడం తప్ప మరమ్మతు కూడా అక్కర్లేదు.

రెండో మెట్టు: తీగలు నిజంగా ఏ వేగంతో కలిశాయో చూడండి

విండోస్ కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ఈథర్నెట్ మీద నొక్కితే లింక్ స్పీడ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ 1000 ఉండాలి. రెండు వైపులా గిగాబిట్ రంధ్రాలే అయి ఉండి కూడా 100 అని కనిపిస్తే లోపం తీగలోనే ఉందని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

కారణం ఆసక్తికరమైనది. లాన్ తీగలో నాలుగు జతలు, మొత్తం ఎనిమిది పోగులు ఉంటాయి. కనెక్టరు నాలుకను కిందికి పెట్టి, తీగ మన వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి చూస్తే వాటి క్రమం ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క పోగు తెగినా, కనెక్టరులో ఒక్క లోహపు పిన్ను సరిగా దిగకపోయినా, కనెక్షన్ ఆగిపోదు. ఏ హెచ్చరికా లేకుండా 100కు దిగి నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ లోపం ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. కెమెరాలు బిగించేవారు కొందరు ఒకే తీగలోని నాలుగు జతలను రెండుగా చీల్చి రెండు పరికరాలకు ఇచ్చే అలవాటు కూడా ఉంది. అలాంటి తీగ మీద గిగాబిట్ ఆశించలేము.

అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్లలో మరో సంగతి గమనించాలి. ఉప్పుగాలికి కనెక్టరులోని పిన్నుల మీద పచ్చటి తుప్పు పేరుకుంటుంది. కనెక్టరును ఊడదీసి వెలుగులో చూస్తే బంగారు రంగులో మెరవవలసిన ఎనిమిది గీతల్లో ఒకటో రెండో మసకబారి కనిపిస్తాయి. దాన్ని గీకి శుభ్రం చేయడం కన్నా కత్తిరించి కొత్త కనెక్టరు క్రింపింగ్ చేయించడం మేలు. కొత్త తీగ కొనేటప్పుడు క్యాట్5ఈ లేదా క్యాట్6 అని రాసి ఉంటే సరిపోదు, పూర్తి రాగి తీగేనా అని అడగాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ చవకే, కానీ తేలిగ్గా విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ నిరాశపరుస్తుంది. కత్తితో పోగును గీకి చూస్తే లోపల తెల్లగా ఉంటే అది అల్యూమినియమే.

మూడో మెట్టు: ఇంటి లోపలి వేగాన్ని ఇంటర్నెట్ ప్రమేయం లేకుండా కొలవండి

స్పీడ్‌టెస్ట్ వెబ్‌సైట్లు దీనికి పనికిరావు. అవి రెండు దారులనూ కలిపి కొలుస్తాయి. ఫైలు కాపీ చేసి చూడటం కొంత నయమే కానీ, పాత పెన్‌డ్రైవ్ సెకనుకు 20, 30 ఎంబీకి మించి ఇవ్వదు గనుక నెట్‌వర్క్‌కు లేని లోపాన్ని దానికి అంటగట్టే ప్రమాదముంది. ఈ పనికి సరైనది ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము. తీగతో కలిసిన ఒక కంప్యూటరులో దాన్ని సర్వరు పద్ధతిలో నడిపి, రెండో కంప్యూటరులో గాని ఆండ్రాయిడ్ ఫోనులోని ఐపెర్ఫ్ యాప్‌లో గాని క్లయింటు పద్ధతి ఎంచుకుని, మొదటి కంప్యూటరు అడ్రసు ఇస్తే చాలు. పది సెకన్లలో ఎంబీపీఎస్ అంకె వస్తుంది. ఒకసారి మామూలుగా, ఇంకోసారి రివర్స్ ఎంపికతో నడిపితే రెండు దిశలూ తెలుస్తాయి. ఫైర్‌వాల్ అనుమతి అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రం ఇవ్వండి.

తీగ నుంచి తీగకు 930, 940 మధ్య వస్తే గిగాబిట్ పూర్తిగా అందుతున్నట్టే. మిగిలిన కొద్దిపాటి భాగం ప్యాకెట్ల (డేటాను విడగొట్టి పంపే ముక్కల) మీది చిరునామాలకు పోతుంది. 94 వస్తే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ ముక్క ఉన్నట్టు, రెండో మెట్టుకు తిరిగి వెళ్లాలి. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో 400, 500 దగ్గర ఊగిసలాడితే పాత కంప్యూటరు ప్రాసెసరునో, యూఎస్‌బీ ద్వారా పెట్టిన లాన్ అడాప్టరునో అనుమానించాలి.

నాలుగో మెట్టు: వైఫై

తీగల లెక్క తేలాక అదే పరీక్షను ఫోనులో, ఓఎన్‌టీ ఉన్న గదిలో ఒకసారి, మీరు నిజంగా నెట్ వాడే చోట ఒకసారి చేయండి. నా అభిప్రాయంలో ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే చేయవలసింది ఇది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం మీద మామూలు ఫోను, రౌటర్ కలిసే వేగం తరచుగా 72 ఎంబీపీఎస్ అని చూపిస్తుంది. వైఫైలో పంపడం, అందుకోవడం ఒకే గాలిలో, ఒకరి తరువాత ఒకరుగా జరగాలి గనుక ఆ 72లో చేతికొచ్చేది 40, 50 మాత్రమే. పక్కింటి రౌటర్లు కూడా అదే తరంగాన్ని వాడుతుంటే 30కి దిగడం వింతేమీ కాదు. మొదటి పేరాలోని ఫిర్యాదుకు జవాబు చాలా ఇళ్లలో ఇదే. 5 గిగాహెర్ట్జ్ తరంగం మీద అదే ఫోను 433 గాని 866 గాని చూపిస్తుంది, ఒకే గదిలో ఉంటే అందులో సగానికి పైగా చేతికి వస్తుంది. కానీ దానికి గోడలంటే గిట్టదు. కోనసీమ పాత మండువా ఇళ్ల మందపాటి గోడలు ఒకటి దాటేసరికే నీరసిస్తుంది. మేడ స్లాబు దాటించాలంటే మరీ కష్టం.

ఆపరేటరు మనుషులు ఓఎన్‌టీని తీగ లోపలికి వచ్చిన చోటే, వీధి అరుగు పక్కన కిటికీ మీద, బిగించి వెళ్లిపోతారు. సగం వైఫై వీధిలోకి పోతుంది. ఇంకొక పది మీటర్ల ఫైబర్ తీగ అడిగి వేయించుకుని ఇంటి మధ్యకు, ఆరడుగుల ఎత్తున, ఇనుప బీరువాకూ ఫ్రిజ్‌కూ దూరంగా మార్పించుకోవడం ఖర్చు పెట్టి చేసే ఏ మార్పు కన్నా ముందు చేయవలసిన పని. ఫైబర్‌ను మలిచేటప్పుడు కనీసం మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం ఉండేలా చూడాలి. తలుపు సందులో నలిగినా, మేకుకు చుట్టినా వెలుగు కారిపోతుంది.

ఆ తరువాత రౌటర్ సెట్టింగుల్లో 2.4 తరంగానికి 1, 6, 11 ఛానెళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మేడ మీద సిగ్నల్ లేదని చవక రిపీటరు కొనేవారున్నారు. ఒకే రేడియో ఉన్న రిపీటరు విన్న ప్రతి మాటనూ మళ్లీ గాలిలోనే చెప్పాలి గనుక వేగం సగానికి సగం పడిపోతుంది. మేడ మీదకు ఒక లాన్ తీగ లాగి, దాని చివర రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చే పని మాత్రమే చేసేలా) పెట్టుకుంటే ఆ నష్టం ఉండదు. టీవీ, డెస్క్‌టాప్ వంటి కదలని వాటికి తీగే ఇవ్వండి. గాలి ఫోన్లకు మిగులుతుంది.

ఐదో మెట్టు: ఇప్పుడు ఇంటర్నెట్‌ను కొలవండి

ఓఎన్‌టీ గిగాబిట్ రంధ్రానికి నేరుగా తీగతో కలిపిన కంప్యూటరులో, మిగిలిన పరికరాలను ఆపేసి, స్పీడ్‌టెస్ట్ నడపండి. ఉదయం ఆరు, ఏడు మధ్య ఒకసారి, రాత్రి ఎనిమిది, పది మధ్య ఒకసారి, వరుసగా కొన్ని రోజులు నడిపి అంకెలు రాసి పెట్టుకోవాలి. పరీక్ష తనంతట తానే దగ్గరలోని సర్వరును ఎంచుకుంటుంది. అది మీ ఆపరేటరుదే అయితే మీకు కనబడేది ఆపరేటరు కార్యాలయం దాకా ఉన్న వేగం మాత్రమే. సర్వరును చేత్తో మార్చి హైదరాబాదు, చెన్నై, ముంబయిలలో వేరే సంస్థలవి కూడా చూడండి. ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా ఒకసారి చూడటం మంచిది. అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది. ఈ అంకెల మధ్య పెద్ద తేడా ఉంటే ఊరి ఫైబర్ కాదు, ఆపరేటరు బయటికి కొన్న సామర్థ్యం తక్కువని అర్థం.

అప్‌లోడును నిర్లక్ష్యం చేయకండి. కొన్ని ప్లాన్లలో అది డౌన్‌లోడుకన్నా బాగా తక్కువ. నెల కోటా దాటాక వేగం తగ్గించే నిబంధన ఉందేమో కూడా చూసుకోవాలి. నెలాఖరులో మాత్రమే నెట్ నెమ్మదిస్తోందంటే ముందు అనుమానించవలసింది దాన్నే.

ఆరో మెట్టు: పింగ్ చూడండి

ఒక అడ్రసుకు ప్రశ్న పంపి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపే ఆదేశం పింగ్. కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు రౌటర్ అడ్రసుకు, సాధారణంగా 192.168.1.1కు, పింగ్ ఇవ్వండి. తీగ మీద ఒక మిల్లీసెకను లోపు, వైఫై మీద కొద్ది మిల్లీసెకన్లు రావాలి. అక్కడే 50, 100 అంటూ ఎగిరిపడుతుంటే రోగం ఇంట్లోనే ఉంది. తరువాత బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8కు ఇవ్వండి. ఇప్పుడు ఒక పెద్ద వీడియోను గూగుల్ డ్రైవ్‌కు ఎక్కిస్తూ అదే పింగ్‌ను గమనించండి. 20 ఉన్నది 300కు పోతే, అప్‌లోడు వరుసలో మిగిలిన ప్యాకెట్లన్నీ ఇరుక్కుంటున్నాయని అర్థం. పిల్లల ఆన్‌లైన్ క్లాసు తడబడేది ఇటువంటప్పుడే. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగం ఇవ్వాలో నియంత్రించే) సౌకర్యం ఉంటే అప్‌లోడు గరిష్ఠాన్ని కొలిచిన వేగంలో 85, 90 శాతానికి పరిమితం చేస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. వేగాన్ని కావాలని తగ్గించుకుంటే సుఖం పెరగడం వింతగా అనిపించినా నిజం.

ఏడో మెట్టు: కొలతల్ని బట్టి నిర్ణయం

తీగ మీద ప్లాను వేగం వస్తూ వైఫై మీద రాకపోతే ప్లాను జోలికి పోవద్దు. నాలుగో మెట్టు చూడండి. తీగ మీద ఉదయం, రాత్రి రెండు పూటలా బాగా వచ్చి, ఇంట్లో అందరూ ఒకేసారి వాడినప్పుడు మాత్రమే చాలకపోతే అప్పుడు ప్లాను పెంచడానికి అర్థం ఉంది. ఉదయం 100 వచ్చి రాత్రి 25కు పడిపోతుంటే మీరు రాసి పెట్టుకున్న అంకెలతో ఆపరేటరుకు ఫిర్యాదు చేయండి.

ఎప్పుడూ తక్కువే వస్తుంటే ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అనే అంకె చూడండి. అందే వెలుగు బలాన్ని చెప్పే ఆ అంకె మైనస్ గుర్తుతో, డీబీఎం అనే కొలమానంలో ఉంటుంది. మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా ఓఎన్‌టీ పనిచేయగలదు. మైనస్ 25 దాటి మైనస్ 26, 27 వైపు పోతే గాలివానకు కొబ్బరి మట్ట తీగ మీద పడి నలగడమో, అతుకు వదులవడమో జరిగి ఉంటుంది. లాస్ అన్న ఎర్ర లైటు వెలిగితే వెలుగు అసలు అందడం లేదు. ఆకుపచ్చ కనెక్టరు కొనను చొక్కాతో తుడవడం, అందులోకి కన్ను పెట్టి చూడడం రెండూ చేయకూడదు. ఆ వెలుగు కంటికి కనబడదు గానీ ఉంటుంది. ఫిర్యాదు ఫోనులో చెప్పినా డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి; పరిష్కారం కాకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి వెళ్లడానికి ఆ నంబరే ఆధారం.

చెరువు గట్టు కెమెరాలు: రెండు దారుల తేడా బాగా కనబడే చోటు

రొయ్యల చెరువులున్నవారు గట్టు మీద, మేత షెడ్డు దగ్గర కెమెరాలు పెట్టి, “కెమెరాలు ఎనిమిది పెట్టాం, నెట్ ఎంత తీసుకోవాలి?” అని అడుగుతుంటారు. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కొక్కటి సుమారు 4 ఎంబీపీఎస్ చొప్పున పంపుతుందనుకుంటే ఎనిమిదింటికి 32. ఈ 32 పగలూ రాత్రీ ఆగకుండా ప్రవహిస్తుంది, అయితే కెమెరాల నుంచి ఎన్‌వీఆర్ దాకా, స్థానిక నెట్‌వర్క్‌లోనే. 100 ఎంబీపీఎస్ స్విచ్ దీనికి ధారాళంగా సరిపోతుంది, గిగాబిట్ కొనవలసిన పని లేదు. రోజుకు ఒక్కో కెమెరాకు 43 జీబీ చొప్పున పోగవుతుంది గనుక 1 టీబీ డిస్కులో ఎనిమిది కెమెరాల రికార్డు మూడు రోజులకు లోపే నిండుతుంది. డబ్బు పెట్టవలసింది డిస్కు మీద. ఇంటర్నెట్ అవసరం మీరు భీమవరంలోనో కాకినాడలోనో ఉండి ఫోనులో చూసినప్పుడే, అదీ అప్‌లోడు వైపే. ఎన్‌వీఆర్‌లో సబ్ స్ట్రీమ్‌ను (ఫోనులో చూడటానికి పంపే తక్కువ నాణ్యత దృశ్యాన్ని) 512 కేబీపీఎస్‌కు పెట్టుకుంటే నాలుగు కెమెరాలు ఒకేసారి చూసినా 2 ఎంబీపీఎస్ చాలు. అన్ని కెమెరాలనూ పూర్తి నాణ్యతతో క్లౌడ్‌లో దాచాలనుకుంటే మాత్రం 32 ఎంబీపీఎస్ అప్‌లోడు ఇరవై నాలుగు గంటలూ కావాలి; 20 అప్‌లోడు ఉన్న ప్లాను మీద అది జరగని పని.

ఇంటి నుంచి చెరువుకు దూరం 100 మీటర్లు దాటితే లాన్ తీగ పనికిరాదు. రెండు మార్గాలున్నాయి. ఒకటి, రెండు చివర్లనూ యాంటెనాలతో గాలిలోనే కలిపే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జ్. దీనికి రెండు యాంటెనాలు ఒకదానికొకటి కనిపించడం మాత్రమే చాలదు. 500 మీటర్ల దూరానికి మధ్యలో ఆ గీతకు చుట్టూ రెండున్నర మీటర్ల మేర చాలావరకు ఖాళీ ఉండాలి. నీటి మీద తరంగం ప్రతిఫలిస్తుంది, తడిసిన కొబ్బరాకు దాన్ని పీల్చేస్తుంది. వేసవిలో బ్రహ్మాండంగా పనిచేసిన లింకు శ్రావణంలో తడబడేది అందుకే. యాంటెనాలను ఎత్తున బిగించి, మొవ్వులు ఎదిగే దారిని తప్పించి పెట్టాలి.

రెండోది, సొంత ఫైబర్ తీగ లాగి రెండు చివర్ల మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగును లాన్ తీగ సంకేతంగా మార్చే పెట్టెలు) పెట్టడం. కాస్త ఖర్చెక్కువైనా డెల్టాలో నేను ఇష్టపడేది ఇదే. పిడుగు చెరువు గట్టు దగ్గర పడినప్పుడు రాగి తీగ ఆ విద్యుత్తును ఇంట్లోని స్విచ్, ఎన్‌వీఆర్, ఓఎన్‌టీ దాకా మోసుకొస్తుంది. గాజు ఫైబర్ మోయదు. ఇనుప తీగ ఆధారంగా ఉన్న ఫైబర్ కొంటే ఆ ప్రయోజనం పోతుంది కాబట్టి లోహం లేని రకం అడిగి తీసుకోండి. గట్టు వైపు కన్వర్టరుకు, స్విచ్‌కు ఏరేటర్ల (చెరువు నీటికి గాలి ఎక్కించే యంత్రాల) లైను నుంచి కాక విడిగా చిన్న బ్యాటరీ బ్యాకప్ ఇవ్వండి; ఏరేటర్లు ఆగిపోయిన క్షణంలోనే కెమెరా చూడవలసిన అవసరం ఎక్కువ. బిగింపు పూర్తయ్యాక గట్టు చివరి స్విచ్‌కు ల్యాప్‌టాప్ కలిపి మూడో మెట్టులోని ఐపెర్ఫ్3 పరీక్షను ఇంటి కంప్యూటరుతో మళ్లీ నడిపి, వచ్చిన అంకెను ఇంటి పటం మీద ఆ గీత పక్కనే రాసుకోండి.